పై అంతస్తు నుంచి నీళ్లు కారుతున్నాయా? పెయింటర్‌ను పిలిచే ముందు ఇవి దాచుకోండి.. లేదంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కష్టమే!

వడ్డేపల్లి (జోగుళాంబ గద్వాల): పొద్దున లేచి చూసేసరికి హాల్లో సీలింగ్ తడిసిపోయి ఉంటుంది. ఫ్యాన్ పక్క నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు. కింద సోఫా, టీవీ, పిల్లల పుస్తకాలు అన్నీ తడి. పైకి వెళ్లి అడిగితే "మా బాత్రూంలో ఏం లేదే" అంటారు. అసలు ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. సాయంత్రానికి ప్లంబర్ వచ్చి పైపు మార్చేసి, పాత ముక్క సంచిలో వేసుకుని వెళ్లిపోతాడు. పది రోజులకు పుట్టీ, పెయింట్ కూడా అయిపోతాయి.

అప్పుడు ఎవరో గుర్తు చేస్తారు. "బ్యాంక్ లోన్‌తో పాటు ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకున్నారు కదా, క్లెయిమ్ చేయలేదా?" అని. అప్పటికి మన చేతిలో ఏముంటుంది? వాట్సాప్‌లో రెండు మసక ఫొటోలు, ప్లంబర్ ఫోన్ నంబర్. అంతే.

నీటి లీకేజీ క్లెయిమ్‌లో సర్వేయర్ ప్రధానంగా తేల్చుకునేవి రెండే. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎప్పుడు వచ్చాయి? ఈ రెండింటికీ ఆధారం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతుంది. తర్వాత గోడ ఆరిపోతుంది, పైపు మారిపోతుంది, మనుషులు మాట మారుస్తారు.

అపార్ట్‌మెంట్లే కాదు.. మన దగ్గర కథ వేరు

వడ్డేపల్లి మున్సిపాలిటీలో, శాంతినగర్‌లో పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు ఉండవు. మెయిన్ రోడ్డు మీద కింద విత్తనాల షాపో, ఎరువుల షాపో, కిరాణమో ఉంటుంది. పైన ఒకటి రెండు పోర్షన్లు అద్దెకు ఇస్తారు. ఆ పైన డాబా, దాని మీద సింటెక్స్ ట్యాంకు. పైపులు, డ్రైనేజీ, మెట్లు అందరికీ ఒకటే. ఇక పిల్లల చదువుల కోసం కర్నూలులోనో, హైదరాబాద్‌లోనో ఫ్లాట్ కొని కిరాయికి ఇచ్చిన నడిగడ్డ వాళ్లూ తక్కువేం లేరు. ఓనర్ ఇక్కడ, లీకేజీ అక్కడ. కాబట్టి ఈ సమస్య ఈ ప్రాంతానికి రెండు రకాలుగా తగులుతుంది.

నీళ్లంటే మనోళ్లకు ముందు గుర్తొచ్చేది 2009 అక్టోబర్. తుంగభద్ర పొంగి అలంపూర్, కర్నూలు, అప్పట్లో వడ్డేపల్లి మండలంలోనే ఉన్న రాజోలి మునిగిన రోజులు. అది వరద. ఇన్సూరెన్స్ కాగితం మీద వరద వేరు, ట్యాంకు పొంగడం వేరు, గోడ చెమ్మ వేరు. మనకు మూడూ నీళ్లే. కంపెనీకి మాత్రం మూడూ ఒకటి కాదు.

ముందు పాలసీలో ఏముందో చూద్దాం

2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమల్లో ఉంది. ఏ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తీసుకున్నా అందులో మూల నిబంధనలు ఒకటే. అగ్ని ప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరదతో పాటు 'నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగడం' అనేది కూడా ఆ జాబితాలో ఉంది. మనకు పనికొచ్చే లైన్ ఇదే.

ఇక్కడే మెలిక. జాబితాలో ఉన్న ప్రమాదం వల్ల నష్టం జరిగితేనే డబ్బులు. పైపు పగిలింది, ట్యాంకు పొంగింది అంటే జాబితాలో ఉంది. బాత్రూం టైల్స్ మధ్య సిమెంట్ పోయి ఆరు నెలలుగా చెమ్మ దిగుతోంది అంటే జాబితాలో లేదు. అందుకే క్లెయిమ్ ఫారంలో అలవాటుగా 'సీపేజ్' అని రాసేయకండి. అలాగని సీపేజ్‌ను పైపు పగిలిందని కూడా రాయకండి, అది అబద్ధం అవుతుంది, పాలసీకే ముప్పు. అసలు ఏం జరిగిందో తేల్చుకుని, అదే రాయండి.

ఇంకో విషయం. బిల్డింగ్‌కు పాలసీ తీసుకుంటే ఇంట్లోని సాధారణ సామాన్లకు కూడా బిల్డింగ్ విలువలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా కవర్ దానంతట అదే వస్తుంది. అంటే బిల్డింగ్‌ను 20 లక్షలకు ఇన్సూర్ చేస్తే సామాన్లకు 4 లక్షలు. ఇది తెలియక చాలామంది గోడ నష్టం మాత్రమే అడిగి, తడిసిన పరుపు, బీరువా, వాషింగ్ మెషీన్ సంగతి వదిలేస్తారు. అద్దెకు ఉన్నవాళ్లు బిల్డింగ్ లేకుండా కేవలం తమ సామాన్లకు కూడా పాలసీ తీసుకోవచ్చు. ఓనర్ పాలసీ కిరాయిదారు సోఫాకు పనికిరాదు.

హోం లోన్ ఉన్నవాళ్లు బ్యాంకు ఇచ్చిన పాలసీ కాపీ ఒకసారి బయటకు తీయండి. కొందరికి అది ఎక్కడుందో కూడా తెలియదు. అందులో బ్యాంకు పేరు ఉంటే క్లెయిమ్ డబ్బు బ్యాంకు ద్వారా వచ్చే అవకాశం ఉంది.

మొదటి గంటలో ఏం చేయాలి?

ఫొటోల కంటే ముందు కరెంటు. సీలింగ్ లైటు, ఫ్యాన్ దగ్గర నీళ్లు దిగుతుంటే ఆ గది ఎంసీబీ వెంటనే ఆపేయండి. తర్వాత నీటి వాల్వ్ బంద్ చేయించండి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత కూడా. "సర్వేయర్ వచ్చేదాకా కారనిద్దాం" అనుకుంటే మొదటికే మోసం.

వాల్వ్ కట్టేయడానికి పైకి వెళ్లే ముందు ఒక్క నిమిషం వీడియో తీయండి. నీళ్లు కారుతుండగా తీసిన వీడియో ఒక్కటి, తర్వాత తీసిన యాభై ఫొటోల కంటే బలమైన ఆధారం. ఇంటి తలుపు మీద నంబర్‌తో మొదలుపెట్టి, ఆపకుండా లోపలికి నడుచుకుంటూ వచ్చి, కారుతున్న చోటు, కింద తడిసిన సామాను చూపించండి. తేదీ, టైమ్ నోటితో చెప్పండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఫొటోలు మూడు దూరాల నుంచి తీయాలి. గది మొత్తం కనపడేలా ఒకటి, గోడ లేదా సీలింగ్ భాగం ఒకటి, మరకకు దగ్గరగా ఒకటి. దగ్గరి ఫొటోలో పక్కన టేపో, స్కేలో పెట్టండి. లేదంటే మరక చెయ్యంతా, మంచమంతా అనేది ఫొటోలో తెలియదు. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన టైమ్ రాయండి. మరుసటి రోజు మళ్లీ గీయండి. పెరిగిందా, ఆగిందా గోడే చెబుతుంది.

ఈ ఫొటోలను వాట్సాప్‌లో పంపించి, ఫోన్‌లోంచి డిలీట్ చేయడం చాలామంది చేసే తప్పు. వాట్సాప్ ఫొటో సైజు తగ్గిస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరాలు కూడా పోతాయి. ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లోనే ఉంచి, ఇంకో కాపీ డ్రైవ్‌లో పెట్టుకోండి. పంపాలంటే 'డాక్యుమెంట్'గా పంపండి. రేపు గొడవ కన్జ్యూమర్ కమిషన్‌కో, కోర్టుకో వెళ్తే డిజిటల్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడగొచ్చు. ఒరిజినల్ ఉంటే ఆ పని తేలిక.

పైపు ముక్క పారేయకండి

ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. పగిలిన పైపు, ఊడిన కప్లింగ్, పాడైన ట్యాంకు ఫ్లోట్ వాల్వ్.. ఏదైనా సరే కవర్‌లో వేసి, తేదీ, ఎక్కడ తీశారో రాసి దాచండి. పైపు మార్చే ముందు అది ఉన్న చోటే ఫొటో, తీశాక ఫొటో, కొత్తది బిగించాక ఫొటో. అరిగిపోయిన పైపు మార్చే ఖర్చు సాధారణంగా క్లెయిమ్‌లో రాదు. కానీ ఆ పాత ముక్కే, నీళ్ల వల్ల పాడైన మిగతా వాటికి సాక్ష్యం.

ప్లంబర్ దగ్గర తెల్లకాగితం మీదైనా సరే నాలుగు లైన్లు రాయించుకోండి. ఏ ఫ్లాట్, ఏ పైపు, ఎలా పగిలింది, ఏం చేశాడు, ఎంత తీసుకున్నాడు, తేదీ, సంతకం, ఫోన్ నంబర్. 'లీకేజ్ వర్క్ - 1,800' అని రాసిన బిల్లు ఎందుకూ కొరగాదు.

మరి పైపు కనపడకపోతే? మన బాత్రూంలలో అసలు చిక్కు ఇదే. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబ్ కిందికి దింపి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. నహానీ ట్రాప్ దగ్గర లీకైతే నీళ్లు ముందు ఆ ఇటుక ముక్కల్లో నిండుతాయి. తర్వాత ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతాయి. అందుకే పైవాళ్ల బాత్రూం ఒక మూలన ఉంటే, మన సీలింగ్ ఇంకో మూలన తడుస్తుంది. పైవాళ్లు 'మాది కాదు' అనడానికి కారణం కూడా అన్నిసార్లూ అబద్ధం కాదు, నిజంగానే వాళ్లకు కనపడదు.

తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్షలు ఉన్నాయి. పైవాళ్లను ఒకరోజు ఆ బాత్రూం వాడొద్దని, నీటి వాల్వ్ మాత్రం తెరిచే ఉంచమని అడగండి. అయినా కారుతుంటే ఎప్పుడూ నీళ్లుండే సప్లయ్ పైపు మీద అనుమానం. వాడినప్పుడే కారుతుంటే డ్రైనేజీ పైపు లేదా ట్రాప్ మీద అనుమానం. బాత్రూంలో రంగు కలిపిన నీళ్లు పోసి, కింద రంగు దిగుతుందేమో చూడటం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. వాన పడినప్పుడే తడిస్తే డాబా స్లాబ్ చూడాలి. ప్రతి పరీక్షకూ మొదలుపెట్టిన టైమ్, ముగిసిన టైమ్, అక్కడ ఎవరున్నారు అనేది రాసిపెట్టండి. వీలైతే పైవాళ్ల ముందే చేయండి.

సర్వేయర్ కూడా గోడను చూసి చాలా చదివేస్తాడు. ఒకదాని చుట్టూ ఒకటిగా గోధుమరంగు వలయాలు ఉంటే నీళ్లు చాలాసార్లు తడిసి ఆరాయని అర్థం. తెల్లగా ఉప్పు పేలినా, పెచ్చులు ఊడినా, నల్లగా బూజు పట్టినా అదే మాట. ఒక్కసారిగా వచ్చిన నీటికి ఒకే మరక, ఉబ్బిన పెయింట్, తడిసిన సామాను ఉంటాయి. మీ గోడకు పాత మరక ముందే ఉండి, ఇప్పుడు కొత్తగా పైపు పగిలి ఉంటే, పాతది దాచొద్దు. విడిగా చూపించండి. పాత ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. పండగకో, పాప పుట్టినరోజుకో హాల్లో తీసుకున్న ఫొటోలో వెనక గోడ శుభ్రంగా కనపడుతుంటే, అది మీకు పెద్ద ఆధారం. ఎవరూ దాని గురించి ఆలోచించరు.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త

ఒకే మెట్లు ఎక్కి దిగే మనుషులం, గొడవ పెట్టుకోలేం. నిజమే. అలాగని నోటిమాటతో వదిలేయకూడదు. మాట్లాడాక ఒక మెసేజ్ పెట్టండి. "అన్నా, ఈరోజు పొద్దున 6:40 నుంచి మీ బాత్రూం కింద మా హాలు సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఫొటోలు పంపిస్తున్నా. జర ఒకసారి వచ్చి చూడండి, అప్పటిదాకా వాల్వ్ బంద్ పెట్టండి." ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. టైమ్ ఉంది, చోటు ఉంది, వాళ్లకు తెలియజేసిన రికార్డు ఉంది. "సరే తమ్మీ, ప్లంబర్‌ను పంపిస్తా" అని జవాబు వస్తే అదీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒక కాగితం మీద మాత్రం తొందరపడి సంతకం చేయొద్దు. పైవాళ్లు ఐదు వేలు చేతిలో పెట్టి 'ఇక మాకు, వీళ్లకు ఏ సంబంధం లేదు' అని రాయించుకుంటారు. నష్టం చెల్లించిన ఇన్సూరెన్స్ కంపెనీకి, ఆ నష్టానికి కారణమైన వాళ్ల నుంచి డబ్బు రాబట్టుకునే హక్కు ఉంటుంది. మీరు ముందే ఆ హక్కు వదిలేస్తూ రాసిచ్చేస్తే మీ క్లెయిమ్‌కే ఇబ్బంది. ఇక పైవాళ్లు ఇచ్చిన డబ్బు సంగతి కంపెనీకి చెప్పాల్సిందే. ఒకే నష్టానికి రెండు చోట్ల తీసుకోవడం కుదరదు.

లీకేజీ మీ పైన ఫ్లాట్‌ది కాకుండా అందరికీ చెందిన పైపుదైతే? డాబా మీద ట్యాంకు, నిలువు పైపులు, డక్ట్, డాబా స్లాబ్ లాంటివి సాధారణంగా ఉమ్మడి ఆస్తి. తెలంగాణలో కూడా అమల్లో ఉన్న 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి భాగాల్లో అందరికీ విడదీయని వాటా ఉంటుంది. అప్పుడు అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బిల్డింగ్ మొత్తానికి అసోసియేషన్ పేరు మీద విడిగా పాలసీ ఉందేమో అడగండి. ట్యాంకు ఎప్పుడు కడిగారు, మోటార్ ఎవరు వేస్తారు, వాల్వ్ ఎప్పుడు మార్చారు అనే రిజిస్టర్ ఉంటే ఆ పేజీ ఫొటో తీసుకోండి. అసోసియేషన్ లేని మన చిన్న బిల్డింగ్‌లలో ఆ పని ఓనర్‌తో మెసేజ్‌లే చేస్తాయి.

కింద షాపు ఉంటే..

ఇంటి పాలసీ షాపులోని సరుకుకు పనికిరాదు. చిన్న వ్యాపారాలకు 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే వేరే పాలసీ ఉంది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ మొత్తం 5 కోట్ల రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఇది. ఇందులో కూడా ట్యాంకులు, పైపులు పగలడం కవర్ అవుతుంది.

పత్తి విత్తనాల ప్యాకెట్లు తడిస్తే మొలకెత్తే గుణం పోతుంది, ఎరువు బస్తా గడ్డ కడుతుంది. పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా అమ్మలేం. అందుకే షాపు వాళ్లు ప్రతి ప్యాకెట్ మీద లాట్ నంబర్ కనపడేలా ఫొటో తీయాలి. తడిసిన సరుకు, తడవని సరుకు వేరుచేసి లెక్క రాయాలి. స్టాక్ రిజిస్టర్, కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు ఈ లెక్కతో సరిపోవాలి. సర్వేయర్ చూడకముందే తడిసిన సరుకు తీసి పడేయడం, తక్కువ ధరకు వదిలించుకోవడం చేయొద్దు. తడిసిన విత్తనం రైతుకు అమ్మితే అది ఇన్సూరెన్స్ గొడవతో ఆగదు, పంట దాకా పోతుంది.

ఇళ్లలో కూడా ఇదే లెక్క. టీవీ, ఫ్రిజ్ లాంటివి పాడైతే సర్వీస్ సెంటర్ వాళ్ల దగ్గర 'నీళ్లు లోపలికి వెళ్లడం వల్ల పాడైంది' అని కారణంతో సహా కాగితం తీసుకోండి. షార్ట్ సర్క్యూట్‌తో ఆ వస్తువే కాలిపోతే దానికి పాలసీలో మినహాయింపు ఉంటుంది. కారణం స్పష్టంగా రాయకపోతే ఏ ఖాతాలో వేయాలో కంపెనీయే నిర్ణయిస్తుంది.

కంపెనీకి ఎప్పుడు చెప్పాలి?

వెంటనే. అదే రోజు టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, అదే విషయం ఈమెయిల్ కూడా చేయండి. భారత్ గృహ రక్షలో నష్టం గమనించిన రోజు నుంచి 30 రోజుల లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. ఆలస్యం ఒక్కటే కారణంగా నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. అయినా ఆ ధీమాతో కూర్చోవద్దు, ఆలస్యమైతే ఆధారం పోతుంది.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. 15 రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు తెలిసిన కస్టమర్‌తో మాట తీరు వేరుగా ఉంటుంది, ట్రై చేసి చూడండి.

సర్వేయర్ వచ్చిన రోజు మీరే ఉండండి. ఏమేం చూశాడు, ఏమేం అడిగాడు, ఏ కాగితాలు ఇచ్చారు అనేది అదే సాయంత్రం అతనికి, కంపెనీకి కలిపి ఈమెయిల్ చేయండి. మరమ్మతు ఆపలేని పరిస్థితి ఉంటే, ఉదాహరణకు సీలింగ్ ఊడిపడేలా ఉంటే, ముందు మెయిల్ పెట్టి, ఫొటోలు తీసి, తర్వాత చేయించండి. పెయింట్ మాత్రం ఆగగలదు. ఎలాగూ గోడ పూర్తిగా ఆరకముందు పెయింట్ వేస్తే మళ్లీ ఊడుతుంది.

సీపేజ్ అని తేలితే?

ఇన్సూరెన్స్ దారి మూసుకుపోయినట్టే, కానీ ఆధారాలు వృథా కావు. రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులో ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతోనే సరిచేయాలి. కర్నూలులో, హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నాలుగుగైదు ఫ్లాట్ల మన చిన్న బిల్డింగ్‌లకు రెరా వర్తించదు. అక్కడ పైవాళ్లు, అసోసియేషన్, అవసరమైతే సివిల్ కోర్టు. అన్నిచోట్లా అడిగేది మళ్లీ అవే వీడియోలు, మెసేజ్‌లు, ప్లంబర్ కాగితం.

అమెరికాలో కాండోల్లో ఉంటున్న మన పిల్లలకూ ఇదే తలనొప్పి. అక్కడ బిల్డింగ్‌కు అసోసియేషన్ మాస్టర్ పాలసీ, లోపలి భాగానికి, సామాన్లకు ఓనర్ సొంత పాలసీ అని రెండు ఉంటాయి. అక్కడా అకస్మాత్తుగా జరిగిన లీకేజీకే కవర్. వారాల తరబడి కారిందంటే సాధారణంగా ఇవ్వరు. దేశం మారినా ప్రశ్న మారలేదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే..

ముందు ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తీసుకోండి. 'సీపేజ్' అని ఒక్క మాట రాసి పంపిస్తే, సర్వేయర్ రిపోర్టు కాపీ అడగండి. మీ పైపు ముక్క ఫొటో, ప్లంబర్ కాగితం జతచేసి కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో కూడా నమోదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబర్ 155255.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాంలకు హైదరాబాద్ ఆఫీసే. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన రోజు నుంచి ఏడాది లోపు వెళ్లాలి. కన్జ్యూమర్ కమిషన్‌కైతే గడువు రెండేళ్లు. అయితే ఒకే విషయం మీద కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ దాన్ని తీసుకోరు. కాబట్టి ఫీజు లేని దారి ముందు చూసుకోండి.